వెనకటికీ వేడెక్కింది, నిజమే. మరి ఎందుకు వేడెక్కింది?

శ్రీకాకుళం, విజయనగరం వైపు నలుగురు కూర్చున్నచోట భూతాపం మాట వస్తే, కాసేపటికే ఎవరో ఒకరు అంటారు: "మా తాతల కాలంలో ఎండల్లేవా ఏటి? తుపాన్లు రాలేదా ఏటి? ఈ భూమి ఎన్నిసార్లు వేడెక్కి, ఎన్నిసార్లు చల్లబడిందో ఎవుడికి తెలుసు?" కాస్త చదువుకున్నవారైతే ఇంకొంచెం ముందుకెళ్తారు. వెయ్యేళ్ల కిందట గ్రీన్‌లాండ్‌లో పశువులు మేపారనీ, అప్పుడు కార్లూ ఫ్యాక్టరీలూ లేవనీ, కాబట్టి ఇదంతా ప్రకృతి లీలేననీ అంటారు. ఎదుటి మనిషికి కోపం వస్తుంది. "సైన్సునే కాదంటారా మాస్టారూ" అంటాడు. గొంతులు పెరుగుతాయి, విషయం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆ ప్రశ్న అడిగినవారిని కసురుకోవడం తప్పని నా అభిప్రాయం. వారు చెప్పిన దాంట్లో మొదటి సగం అక్షరాలా నిజం. భూమి గతంలో వేడెక్కింది. ఇప్పటికన్నా బాగా వేడిగా ఉన్న కాలాలూ ఉన్నాయి. అయితే ఆ సంగతి మనకు తెలిసింది వాతావరణ శాస్త్రవేత్తల వల్లే. మంచు తొలిచి, సముద్రగర్భంలో బురద తోడి, గుహల్లో రాళ్లు కోసి ఆ చరిత్రంతా రాసింది వాళ్లు. ఇప్పటి వేడికి కారణం మనిషేనని అంటున్నదీ వాళ్లే. గతం తెలియక అంటున్న మాట కాదది. గతాన్ని బాగా చదివి అంటున్న మాట.

మన వంశధార సంగతే చూడండి. ఎగువన గుణుపురం, కాశీనగరం వైపు కొండల్లో గట్టి వాన పడితే గొట్టా బ్యారేజీ దగ్గర నీరు పెరుగుతుందని హిరమండలంలో చిన్నపిల్లాడికైనా తెలుసు. ఒక ఏడాది ఎగువన చినుకు లేదు, అయినా ఏరు పొంగుతోందనుకోండి. "వెనకటికీ పొంగింది కదా, ఇదీ అలాంటిదే" అని ఎవరూ తిరిగి పడుకోరు. పైన ఏం జరిగిందో కనుక్కురమ్మని మనిషిని పంపుతారు. పాత వరదలన్నీ మనకు నేర్పిందేమిటంటే, ఏరు ఉత్తినే పొంగదని. భూమి చరిత్ర నేర్పేదీ అదే. వేడెక్కిన ప్రతిసారీ దానికో కారణం ఉంది, ఆ కారణం ఆనవాళ్లు వదిలి వెళ్లింది. ఈసారి కారణం ఏమిటన్నదే అసలు వాదన.

ఏ కాలం గురించి మాట్లాడుతున్నాం?

వాదనల్లో కోట్ల ఏళ్ల నాటి వేడినీ, వెయ్యేళ్ల నాటి వేడినీ, తాతల నాటి ఎండనీ ఒకే మూటగా కట్టేస్తుంటారు. విడదీస్తే చాలా చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

అన్నిటికన్నా పాత సంగతి, 5.6 కోట్ల ఏళ్ల కిందటిది. అప్పుడు గాలిలోకీ సముద్రంలోకీ విపరీతంగా కార్బన్ చేరి, భూమి సుమారు 5 డిగ్రీలు వేడెక్కింది. సముద్రజలాలు ఆమ్లంగా మారి, లోతు నీళ్లలో బతికే సూక్ష్మజీవుల్లో చాలా జాతులు నశించాయి. ఆ కార్బన్ వెలువడటానికి వేల ఏళ్లు పట్టింది. ఇప్పుడు మనం ఏటా వదులుతున్న వేగం దానికి దాదాపు పది రెట్లు. కాబట్టి ఆ ఉదాహరణ ఎత్తేవారు తమకు తెలియకుండానే అవతలి పక్షానికి సాక్ష్యం చెబుతున్నారు. అప్పుడు కూడా నేరం కార్బన్‌దే.

ఇంకాస్త దగ్గరికొస్తే, సుమారు 30 లక్షల ఏళ్ల కిందట గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఇప్పుడున్నంత ఉండేది. అంటే ప్రతి పది లక్షల అణువుల్లో 400 దరిదాపుల్లో. ఈ లెక్కనే పీపీఎం అంటారు. పారిశ్రామిక యుగానికి ముందున్న స్థితితో పోలిస్తే అప్పటి భూమి 2.5 నుంచి 4 డిగ్రీలు ఎక్కువ వేడి. సముద్రమట్టం ఇప్పటికన్నా 5 నుంచి 25 మీటర్లు పైన ఉండేది. శ్రీకాకుళం పట్టణం సముద్రమట్టానికి సుమారు 10 మీటర్ల ఎత్తులో ఉందని గుర్తుపెట్టుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది. భూమి ఆ వేడిని తట్టుకుంది, సందేహం లేదు. అప్పుడు తీరం వెంట ఊళ్లు లేవు, వరి మళ్లు లేవు, మనుషులే లేరు.

మంచుయుగాలు, వెనకబడ్డ కార్బన్

తరవాతిది మంచుయుగాల కథ. దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే సందేహవాదుల ప్రశ్నల్లో అన్నిటికన్నా పదునైనది ఇక్కడి నుంచే వస్తుంది.

భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఆ దారి ఆకారం సుమారు లక్ష ఏళ్లకోసారి, భూమి అక్షం వాలు 41 వేల ఏళ్లకోసారి, అక్షం చూసే దిక్కు 23 వేల ఏళ్లకోసారి మారి మళ్లీ మొదటికొస్తాయి. వీటివల్ల ఉత్తరార్ధగోళపు వేసవిలో పడే ఎండ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. సెర్బియా గణితవేత్త మిలుటిన్ మిలాంకోవిచ్ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ లెక్కంతా చేతితో కట్టాడు. వేసవి ఎండ తగ్గితే ఉత్తరాన మంచు కరగక పేరుకుంటుంది, పెరిగితే కరుగుతుంది. సుమారు 21 వేల ఏళ్ల కిందట చివరి మంచుయుగం పరాకాష్టలో భూమి సగటున 5 నుంచి 7 డిగ్రీలు చల్లగా ఉండేది. నీరంతా మంచుగా గడ్డకట్టి ఉండటంతో సముద్రం 120 మీటర్లకు పైగా దిగిపోయింది. కళింగపట్నం, బారువ, భావనపాడు అప్పుడు తీరంలో లేవు, సముద్రం వాటికి ఎన్నో కిలోమీటర్ల అవతల ఉండేది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు చూసినవారికి ఆ కాలపు ఆనవాలు కళ్లకు కట్టినట్టే. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి పోస్తే, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడిందని భూగర్భ శాస్త్రజ్ఞులు వివరిస్తారు.

ఇప్పుడు ఆ పదునైన ప్రశ్న. అంటార్కిటికాలో మూడు కిలోమీటర్ల లోతుకు పైగా తొలిచి తీసిన మంచులో 8 లక్షల ఏళ్ల నాటి గాలి బుడగలున్నాయి. మంచును బట్టి అప్పటి ఉష్ణోగ్రత, బుడగలను బట్టి అప్పటి కార్బన్ డయాక్సైడ్ తెలుస్తాయి. రెండూ కలిసి పెరిగి, కలిసి తగ్గాయి. కానీ మంచుయుగం ముగిసే వేళ అంటార్కిటికాలో ముందు వేడి పెరిగి, కొంత ఆలస్యంగా కార్బన్ పెరిగినట్టు తొలి పరిశోధనల్లో కనిపించింది. "చూశారా, వేడి వల్ల కార్బన్ పెరిగింది గానీ, కార్బన్ వల్ల వేడి పెరగలేదు" అన్నది వాదన.

ఇది న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా అంతే చక్కగా ఉంది. మంచుయుగాన్ని ముగించే మొదటి తోపు, అంటే మొదటి నెట్టుడు, కార్బన్‌ది అని శాస్త్రవేత్తలు ఎన్నడూ అనలేదు. ఆ తోపు భూమి కక్ష్యది. ఉత్తరాన మంచు కరగడం మొదలై, ఆ మంచినీరు అట్లాంటిక్‌లో కలిసింది. దాంతో అక్కడి సముద్ర ప్రవాహం మందగించి, ఉత్తరానికి చేరాల్సిన వేడి దక్షిణానే నిలిచిపోయింది. దక్షిణ సముద్రం వేడెక్కి, తనలో దాచుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి వదిలింది. ఆ వాయువు మిగతా భూమినంతటినీ వేడెక్కించింది. 2012లో ప్రపంచం నలుమూలల నుంచి ఎనభై దాకా నమూనాలను కలిపి చూస్తే, అంటార్కిటికా ముందు నడిచినా, భూగోళపు సగటు ఉష్ణోగ్రత మాత్రం కార్బన్ వెనకే పెరిగిందని తేలింది. కక్ష్య మార్పు ఒక్కదానితోనే అన్ని డిగ్రీల తేడా రాదు. కార్బన్‌ను లెక్కలోంచి తీసేస్తే మంచుయుగాలకు అసలు వివరణే మిగలదు.

ఇందులో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది వేగం. ఆ మంచుయుగం నుంచి బయటపడేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ 190 నుంచి 265 పీపీఎం దాకా పెరగడానికి సుమారు ఏడు వేల ఏళ్లు పట్టింది. హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలత మొదలుపెట్టిన 1958లో అది 315. 2024లో 424 దాటింది. ఏడు వేల ఏళ్లలో ప్రకృతి కలిపినదానికన్నా ఎక్కువ, ఒక మనిషి ఉద్యోగంలో చేరి రిటైరై మనవల్ని ఎత్తుకునేలోపు మనం కలిపేశాం. ఆ 8 లక్షల ఏళ్ల మంచులో ఎక్కడా ఈ అంకె 300 దాటలేదు.

గ్రీన్‌లాండ్ పశువులు, బస్తర్ గుహ

ఇక వెయ్యేళ్ల కిందటి సంగతి. ఎక్కువమంది ఎత్తేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

సుమారు 950 నుంచి 1250 వరకు ఐరోపాలోనూ ఉత్తర అట్లాంటిక్ చుట్టూరానూ వెచ్చగా ఉన్న మాట నిజం. నార్వే, ఐస్‌లాండ్ జనం 985 ప్రాంతంలో గ్రీన్‌లాండ్ దక్షిణ కొనలో ఊళ్లు కట్టుకుని పశువులు మేపారు. మన దగ్గర అది శ్రీముఖలింగం రాజధానిగా గంగరాజులు వెలిగిన కాలం. తరవాత 1850 వరకు ఐరోపాలో చలి ముదిరింది, లండన్‌లో థేమ్స్ నది గడ్డకట్టిన శీతాకాలాలు వచ్చాయి. ఇవన్నీ చరిత్ర. వీటిని ఎవరూ దాచలేదు.

ఐరోపాలో వెచ్చగా ఉంటే భూమంతా వెచ్చగా ఉన్నట్టేనా అన్నదే ప్రశ్న. చెట్ల వలయాలు, పగడాలు, సరస్సుల అడుగు మట్టి, మంచు పొరలు, ఇలా ప్రపంచమంతటి నుంచి కొన్ని వందల నమూనాలు పోగుచేసి చూశారు. 2019లో వెలువడిన ఆ ఫలితం స్పష్టంగా ఉంది. ఆ రోజుల్లో ఒక్కో ప్రాంతం ఒక్కో శతాబ్దంలో వెచ్చబడింది. ఐరోపా వెచ్చగా ఉన్నప్పుడు పసిఫిక్ తూర్పు భాగం చల్లగా ఉంది. అన్నిచోట్లా ఒకేసారి వేడి పెరిగిన కాలం గత రెండు వేల ఏళ్లలో ఒక్కటే ఉంది. 20వ శతాబ్దం చివర్లో, భూమి మీద 98 శాతానికి పైగా ప్రాంతంలో.

మన వైపు సాక్ష్యం కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. విజయనగరం నుంచి సాలూరు, కొరాపుట్ మీదుగా జగదల్‌పూర్ వెళ్లే రోడ్డు ఉంది కదా, ఆ జగదల్‌పూర్ దగ్గరి కాంగేర్ లోయలో దండక్ గుహ ఉంది. గుహ పైకప్పు నుంచి కారే నీటి చుక్క ప్రతి ఏడూ నేల మీద సన్నటి సున్నపు పొర పేరుస్తుంది. నీటిలోని ఆక్సిజన్‌లో తేలికైనదీ, కాస్త బరువైనదీ ఉంటాయి; వానలు బాగా పడిన ఏడాది నీటిలో బరువైన ఆక్సిజన్ పాలు తగ్గుతుంది, కరువు ఏట పెరుగుతుంది. పొరలో ఉన్న యురేనియం, థోరియం పాళ్లను బట్టి దాని వయసు కట్టొచ్చు. అలా ఆ గుహ రాయి నుంచి 600 నుంచి 1500 వరకు, తొమ్మిది వందల ఏళ్ల వానల చరిత్ర చదివారు. మధ్యయుగపు వెచ్చని శతాబ్దాల్లో మన నైరుతి ఋతుపవనాలు మొత్తమ్మీద బాగున్నాయి. 14వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం నడిమి దాకా వానలు పలుమార్లు దెబ్బతిన్నాయి. దక్కన్‌లో దుర్గాదేవి కరువు అని చరిత్రలో చెప్పుకునేది ఆ రోజుల్లోదే. అంటే ఆ మార్పులు మన దాకా వచ్చాయి, కానీ మనకు అవి వేడిగా కన్నా వానగా కనిపించాయి.

ఇక కారణం. ఆ శతాబ్దాల్లో సూర్యుడి తీవ్రత స్వల్పంగా ఎక్కువ, పెద్ద అగ్నిపర్వతాలు తక్కువ. తరవాతి చలికి తిరగేసిన కారణాలు: 1257లో ఇండోనేషియా లంబోక్ దీవిలో సమలాస్ అగ్నిపర్వతం పేలింది, ఆ వెనక మరికొన్ని పేలాయి, 1645 నుంచి 1715 వరకు సూర్యుడి మీద మచ్చలు దాదాపు మాయమయ్యాయి (మచ్చలు తగ్గితే సూర్యుడి తీవ్రతా కాస్త తగ్గుతుంది). ఇవి చిన్న తోపులే.

"మధ్యయుగపు వేడి చాలా పెద్దది" అని గట్టిగా పట్టుబట్టేవారు ఇక్కడొక సంగతి ఆలోచించాలి. సూర్యుడిలో వచ్చిన అంత చిన్న మార్పుకే భూమి అంతలా వేడెక్కిందని మీరంటే, ఈ భూమి చిన్న తోపుకే పెద్దగా కదులుతుందని మీరే ఒప్పుకున్నట్టు. అప్పుడు పారిశ్రామిక యుగానికి ముందున్న 280 పీపీఎం నుంచి 424కు పెరిగిన కార్బన్ డయాక్సైడ్‌కు అది ఇంకెంత కదలాలి? గతం ఎంత ఊగిసలాడితే, భవిష్యత్తు గురించి మన భయం అంత పెరగాలి. ఈ వాదనలో చాలామంది ఈ మలుపు దగ్గరికి రాకుండానే వెనక్కి తిరిగిపోతారు.

ఈసారి ఎగువన ఎవరున్నారు?

సూర్యుడా? 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యశక్తిని సూటిగా కొలుస్తున్నాయి. పదకొండేళ్లకోసారి అది వెయ్యో వంతు మేర పెరిగి తగ్గుతుంది, అంతే. ఈ నలభై ఏళ్లలో పెరిగే ధోరణి లేదు, భూమి మాత్రం వేడెక్కుతూనే ఉంది. కక్ష్యా? దాని లెక్కన గత ఐదారు వేల ఏళ్లుగా మనం మెల్లగా చల్లబడే దారిలో ఉన్నాం. 19వ శతాబ్దం దాకా జరిగింది అదే. అగ్నిపర్వతాలా? అవన్నీ కలిసి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్, మనం బొగ్గూ చమురూ గ్యాసూ కాల్చి వదిలేదాంట్లో ఒక్క శాతం కూడా ఉండదు. మనది ఏటా సుమారు 3,700 కోట్ల టన్నులు.

కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందన్నది కొత్తగా పుట్టిన సిద్ధాంతం కాదు. అమెరికాలో యూనిస్ ఫుట్ 1856లో, ఐర్లాండ్‌కు చెందిన జాన్ టిండాల్ 1859లో ప్రయోగశాలల్లో చూపించారు. 1896లో స్వీడన్‌కు చెందిన స్వాంటే అర్హీనియస్ ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్క కట్టాడు. ఇందులో ఏ పార్టీ రాజకీయమూ లేదు, అప్పటికి మన దేశంలో కారే లేదు.

గాలిలో పెరిగిన ఆ కార్బన్ మనదేనని ఎలా తెలుసు? బొగ్గు, చమురు కోట్ల ఏళ్ల కిందట పాతుకుపోయిన జీవరాశి. కార్బన్‌లో కాలంతో తనంతట తానే క్షీణించిపోయే రకం ఒకటుంది, దాని పేరు కార్బన్-14. అది సగానికి తగ్గడానికి 5,730 ఏళ్లు చాలు, కాబట్టి బొగ్గులో అది సున్నా. మొక్కలు తేలికైన కార్బన్‌ను ఇష్టంగా తీసుకుంటాయి గనక బొగ్గులో కాస్త బరువైన రకమైన కార్బన్-13 పాలు కూడా తక్కువ. ఇప్పుడు గాలిలో ఈ రెండింటి పాళ్లూ తగ్గుతున్నాయి. కాల్చినదానికి తగ్గట్టు ఆక్సిజన్ కూడా లెక్క ప్రకారం తగ్గుతోంది. పైగా మనం వదిలేదాంట్లో సుమారు సగమే గాలిలో మిగులుతోంది. మిగతా సగం సముద్రాలూ అడవులూ పీల్చుకుంటున్నాయి. ప్రకృతి వదులుతున్నదానికన్నా తీసుకుంటున్నదే ఎక్కువ అయినప్పుడు, పెరుగుదలకు ప్రకృతిని బాధ్యురాలిని చేయడం కుదరదు.

నాకు అన్నిటికన్నా గట్టిగా తోచే సాక్ష్యం ఆకాశంలో ఉంది. వేడికి సూర్యుడే కారణమైతే గాలి పొరలన్నీ, కిందవీ పైవీ, కలిసి వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కింద పొర వేడెక్కి, పది పదిహేను కిలోమీటర్ల పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడాలి. ఈ సంగతిని వాతావరణ శాస్త్రవేత్త స్యుకురో మనాబే 1967లోనే లెక్కగట్టి చెప్పాడు. తరవాత కొలిస్తే అలాగే ఉంది. 2021లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కొలవకముందే చెప్పి, కొలిచాక నిజమైన మాటకు ఉండే విలువ వేరు.

కొలతల మీదే అనుమానం ఉన్నవారికి రిచర్డ్ ముల్లర్ కథ చెప్పాలి. కాలిఫోర్నియాలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన ఆయన, పట్టణాల వేడి వల్ల పాత రికార్డులు చెడిపోయాయేమోనని గట్టిగా అనుమానించాడు. చమురు వ్యాపార కుటుంబానికి చెందిన ఫౌండేషన్ నుంచి కూడా కొంత సొమ్ము తీసుకుని, రికార్డులన్నీ మొదటినుంచీ తిరిగి లెక్కించాడు. 2012లో ఆయన బయటికొచ్చి, భూభాగం 250 ఏళ్లలో సుమారు 1.5 డిగ్రీలు వేడెక్కిందనీ, దాదాపు అంతా మనిషి వల్లేననీ ప్రకటించాడు. సందేహించడం అంటే అదీ. సందేహించి అక్కడే కూర్చోకుండా వెళ్లి లెక్కపెట్టి, వచ్చిన జవాబుకు తలవంచడం.

"మన దగ్గర అంత పెరగలేదు కదండీ"

పెరగలేదు, అది కూడా నిజమే. 1901 నుంచి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలే పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెబుతోంది. ప్రపంచ సగటు అంతకన్నా ఎక్కువ. 2024లో అయితే ప్రపంచ ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్నదానికన్నా సుమారు 1.55 డిగ్రీలు పైన ఉంది. మరి మనకెందుకు తక్కువ? ఒక ముఖ్య కారణం మన మురికి గాలి. పొయ్యిల పొగ, వాహనాల పొగ, బొగ్గు ప్లాంట్ల పొగ కలిసి ఉపఖండం మీద ఒక గోధుమరంగు మబ్బుగా పరుచుకుని ఎండను కొంత అడ్డుకుంటున్నాయి. 1999 నాటి హిందూ మహాసముద్ర పరిశోధనలో శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ బృందం దాన్ని వెలుగులోకి తెచ్చింది. ఊపిరితిత్తులను పాడుచేసే పొగ మనకు కొంత నీడనిస్తోంది. గాలిని శుభ్రం చేసుకోవాలి, తప్పదు. చేసుకున్న రోజున ఆ నీడ తొలగి, దాచిన వేడి బయటపడుతుంది.

ఆ పొగ వానను కూడా తగ్గించింది. 1951 నుంచి 2015 మధ్య మన నైరుతి వానలు సుమారు 6 శాతం తగ్గాయని అదే నివేదికలో ఉంది. వేడెక్కితే వాన పెరగాలి కదా, తగ్గిందేమిటని అడిగేవారున్నారు. మంచి ప్రశ్న. 2014 చివర్లో, 2015 మొదట్లో ఒక పరిశోధక నౌక బంగాళాఖాతంలో, ఇంచుమించు మన ఇచ్ఛాపురం అక్షాంశం మీదే, తీరానికి అవతల సముద్రం అడుగు తొలిచి మట్టి తీసింది. తొమ్మిది లక్షల ఏళ్ల వానల చరిత్ర అందులో ఉంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగి, మంచు తగ్గిన కాలాల్లో మన ఋతుపవనాలు బలపడ్డాయని 2021లో ఆ ఫలితం వచ్చింది. కంప్యూటర్ నమూనాలు ముందుకు చూసి చెప్పేది కూడా అదే. పొగ వల్ల తగ్గడం, వేడి వల్ల పెరగడం అనే రెండు తోపులు ఇప్పుడు ఒకదానికొకటి ఎదురు నిలిచాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది మోసే తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. కాబట్టి సాలుకు పడే మొత్తం ఎలా ఉన్నా, పడిన రోజున కుండపోతగా పడే అవకాశం పెరుగుతుంది.

మన పక్షం వాళ్లూ అతిగా అనకూడదు

భూతాపం నిజమని నమ్మేవారు కొందరు ప్రతి విపత్తునూ దాని ఖాతాలో వేస్తారు. అది వాదనను బలహీనపరుస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన గులాబ్, వీటిలో ఏ ఒక్కదాన్నీ వేలెత్తి చూపి "ఇది భూతాపం పుట్టించింది" అనలేం. అక్టోబరులో మన తీరానికి తుపాన్లు కొత్తవేమీ కావు. పైగా 20వ శతాబ్దం నడిమి నుంచి ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపాన్ల సంఖ్య మొత్తమ్మీద తగ్గింది. ఋతుపవనాల తరవాతి నెలల్లో అతి తీవ్ర తుపాన్లు 2000 తరవాత పెరిగాయి. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైనీటి ఉష్ణోగ్రత 1951 నుంచి 2015కు సగటున ఒక డిగ్రీ పెరిగింది, తుపానుకు బలం ఆ వెచ్చని నీటి నుంచే వస్తుంది. చెప్పదగ్గ మాట ఇంతవరకే, ఇదే చాలినంత పెద్దది.

అలాగే ఉద్దానం కిడ్నీ జబ్బు. దాని కారణం ఇంకా తేలలేదు. ఎండలో పని, నీరు తక్కువ తాగడం, తాగే నీటి గుణం, ఇలా ఎన్నో అనుమానాల మీద పరిశోధన సాగుతోంది. అంతమంది బాధను రుజువు లేకుండా ఏ ఒక్క వాదనకూ ముడిపెట్టడం ఆ కుటుంబాలకు న్యాయం కాదు.

రాత్రి వేడి గురించి మాత్రం ధైర్యంగా మాట్లాడొచ్చు. ప్రపంచంలో చాలాచోట్ల పగటికన్నా రాత్రులు వేగంగా వేడెక్కాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో 1979 నుంచి 2003 వరకు ఉష్ణోగ్రతలనూ, 1992 నుంచి 2003 వరకు దిగుబడులనూ లెక్క చూసింది. ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. అక్కడి లెక్కను నేరుగా మన మళ్లకు అతికించలేం. కానీ రాత్రి చల్లబడని ఊళ్లో కంకి పాలు ఎలా పోసుకుంటుందో మన రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు.

సముద్రం, కొబ్బరి

సముద్రం గురించి గతం చెప్పేది సూటిగా ఉంది. రెండు మంచుయుగాల నడుమ వచ్చే వెచ్చని కాలాన్ని మంచు విరామం అనుకుందాం. ఇప్పటి విరామానికి ముందటి విరామంలో, సుమారు 1,25,000 ఏళ్ల కిందట, భూమి పారిశ్రామిక యుగానికి ముందున్నదానికన్నా 0.5 నుంచి 1.5 డిగ్రీలు వేడిగా ఉండేది. అంటే ఇంచుమించు ఇప్పుడు మనం చేరుకున్న చోటే. సముద్రమట్టం మాత్రం ఇప్పటికన్నా 5 నుంచి 10 మీటర్లు ఎత్తున నిలిచింది. మంచు కరగడానికి శతాబ్దాలు పడుతుంది గనక ఆ ఎత్తు రేపే రాదు. 1993 నుంచి 2017 వరకు ఉత్తర హిందూ మహాసముద్రం ఏటా 3.3 మిల్లీమీటర్లు పెరిగింది. ఈ శతాబ్దం చివరికి ప్రపంచ సముద్రమట్టం, ఉద్గారాలు బాగా తగ్గిస్తే సుమారు 30 నుంచి 55 సెంటీమీటర్లు, విచ్చలవిడిగా పెంచితే 60 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా పెరుగుతుందని అంచనా. తుపాను రోజున వచ్చే ఉప్పెన ఆ పెరిగిన మట్టం మీద నిలబడి వస్తుంది. తీరంలో బావుల నీళ్లు ఉప్పుబారడానికి మీటరు అక్కర్లేదు.

తిత్లీ తరవాత కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో మళ్లీ కొబ్బరి మొక్కలు నాటారు. నాటు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఆ పైన అరవై ఏళ్లదాకా కాస్తుంది. ఈ ఏడాది నాటిన మొక్క 2080లోనూ ఆ మట్టిలో నిలబడి ఉండాలి. అది చూడబోయే లోకం శతాబ్దాంతానికి ఎంత వేడెక్కుతుందన్నదానికి ఒకే జవాబు లేదు. పారిశ్రామిక యుగానికి ముందున్నదానితో పోలిస్తే, ప్రపంచం గట్టిగా పూనుకుంటే 1.8 డిగ్రీలు, ఇప్పటిలా మధ్యస్తంగా సాగితే 2.7, లెక్కచేయకపోతే 4.4. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 2.5 నుంచి 4 డిగ్రీల మధ్య వేడెక్కుతుందని ఇప్పటి అంచనా. ఆ పరిధిని ఇంతగా కుదించడంలో మంచుయుగాల, 30 లక్షల ఏళ్ల కిందటి వేడి కాలపు కొలతలకు పెద్ద పాత్ర ఉంది. "వెనకటికీ వేడెక్కింది" అనే మాట ఎత్తినవారు, ఆ కొలతలను దగ్గర పెట్టుకుని తమ కొబ్బరి తోట 1.8 డిగ్రీల దారిలో ఉంటుందా, 2.7 డిగ్రీల దారిలో ఉంటుందా అని అడగడం మొదలుపెడితే, అక్కడి నుంచి మనం మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.